పగ్గములు లేని బండి

ఎడ్లబండి తోలువాని చేతిలో పగ్గము లుండును. పగ్గమును కొంచెము బిగించినచో ఎద్దు తల త్రిప్పును. గట్టిగా లాగినచో నిలిచిపోవును. గుఱ్ఱపు బండివానికి కళ్లెము కలదు. ఏనుగుపై కూర్చున్న మావటివానికి అంకుశము కలదు. కాని ఉత్తర ధ్రువ ప్రాంతములందు మంచుపై నడచు బండి యొకటి కలదు. దానిని లాగు జంతువులకును, తోలు మనుష్యునకును నడుమ పగ్గము లేదు, కళ్లెము లేదు. పది పండ్రెండు కుక్కలు ముందు పరుగెత్తుచుండును. బండి వెనుక చెక్కపై నిలుచుండి మనుష్యుడు పోవుచుండును. అతనికున్న సాధనము కంఠస్వర మొక్కటే. ఆ స్వరమును కుక్కలు వినవలెను, విని నమ్మవలెను. ఒక్కొక్కప్పుడు అతడే నోరు మూసికొని కుక్కను నమ్మవలసి వచ్చును.

ఈ బండిని స్లెడ్జి అందురు. చక్రములు మెత్తని మంచులో కూరుకొనిపోవును గనుక వానికి బదులుగా రెండు పొడవైన నున్నని బద్దలను బండి క్రింద అమర్చుదురు. బండి వానిపై జారుచు పోవును. తోలు సారథిని ఆ దేశమువారు మషరు అని పిలుతురు. 'నడువుడు' అను అర్థముగల 'మార్ష్' అను ఫ్రెంచి మాట పరభాషల వారి నోట నలిగి 'మష్' అయ్యెనట. చిత్రమేమనగా, నేటి సారథులు ఆ మాటను కుక్కలతో పలుకుట అరుదు. కుడికి తిరుగుమనుటకు 'జీ' అందురు. ఎడమకు తిరుగుమనుటకు 'హా' అందురు. బయలుదేరుటకు 'హైక్', ఆగుటకు 'వో'. ఇంతకు మించిన భాష పెద్దగా లేదు. కాని ఆ నాలుగు మాటలను పలుకు తీరులోనే సారథి ధైర్యమును, అలసటను, భయమును కుక్కలు గ్రహించును. అందుచేత మంచి సారథి మనస్సు కలతపడినప్పుడు సయితము గొంతు కలతపడనీయడు.

బండినుండి ముందునకు పొడవైన త్రాడొకటి సాగియుండును. దాని కిరుప్రక్కల కుక్కలు జంటలు జంటలుగా కట్టబడి యుండును. బండికి దగ్గరగా నున్న జంట మిక్కిలి బలము గలది. మలుపులలో బరువంతయు దానిపైననే పడును. అన్నిటికంటె ముందున్న దానికి బలము కంటె బుద్ధి ముఖ్యము. దానినే నాయక శునక మందురు. సారథి మాటను మొదట విని మలుపు తిరుగవలసినది అదియే. తక్కినవి దాని ననుసరించును. గడ్డకట్టిన నదిమీద పోవునప్పుడు సారథి 'హైక్' అని గద్దించినను, ముందున్న మంచు పలుచగా నున్నదని పసిగట్టిన నాయక శునకము కదలక మొండికేయును. అజ్ఞాని యైనవాడు దానిని అవిధేయత యనుకొని కోపించును. అనుభవశాలి బండి దిగి, ముందునకు పోయి చూచును. మాట వినుట యెంత ముఖ్యమో, వినరానిచోట వినకుండుటయు నాయక శునకమునకు అంత ముఖ్యము.

ఇట్టి నమ్మకము ఒకనాటిలో పుట్టునది కాదు. కుక్కపిల్ల కన్ను తెరచినది మొదలు సారథి దానిని చేతులలోనికి తీసికొనుచు, పేరుపెట్టి పిలుచుచుండును. ప్రయాణమున బండి ఆగిన తరువాత అతడు మొదట తాను భుజింపడు. మంచును కరగించి నీరు కాచి, చేపనో మాంసమునో కలిపి ముందు కుక్కలకు పెట్టును. దూరపు పందెములలో పరుగెత్తు కుక్కకు దినమునకు సుమారు 10,000 కేలరీల ఆహారము కావలయును. మనుష్యుడు సాధారణముగా తినుదానికి ఇది నాలుగైదు రెట్లు! పిదప సారథి ప్రతి కుక్క పాదమును చేతపట్టి పరీక్షించును. వ్రేళ్ల సందులలో మంచు గడ్డకట్టి చర్మమును కోయును గనుక గుడ్డతో కుట్టిన చిన్న జోళ్లను తొడుగును. 12 కుక్కలకు 48 జోళ్లు! చేతితొడుగులు తీసి, వ్రేళ్లు కొంకర్లుపోవు చలిలో వాని ముడులను విప్పుట, కట్టుట అతని నిత్యకృత్యము. కుక్కలకు ప్రకృతి రెండు వరుసల బొచ్చు నిచ్చినది. అవి మంచులో చుట్టచుట్టుకొని, తోకను ముక్కుపై కప్పుకొని హాయిగా నిద్రించును. ఆ చలిలో ఎక్కువ కష్టము మనుష్యునిదే.

ఈ సాంగత్యము మిక్కిలి పురాతనమైనది. సైబీరియాకు ఉత్తరమున సముద్రములోనున్న ఝోఖోవ్ ద్వీపమున 9,500 సంవత్సరముల నాటి కుక్క యెముకలు దొరకినవి. బండి భాగములును అచ్చట లభించినవి. ఆ కుక్క జన్యువులను పరిశీలించి, నేటి బండి కుక్కలకు అది దగ్గరి బంధువని 2020 లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మనుష్యుడు గుఱ్ఱమునకు కళ్లెము వేయుటకు కొన్ని వేల యేండ్ల ముందే కుక్క అతని బండిని లాగెనన్నమాట.

అయితే ఈ చరిత్రలో మచ్చలు లేకపోలేదు. దక్షిణ ధ్రువమును 1911 డిసెంబరులో మొదట చేరిన రోఆల్డ్ ఆమండ్సెన్ 52 కుక్కలతో బయలుదేరెను. తిరిగి వచ్చినవి 11 మాత్రమే. తక్కినవానిలో పెక్కింటిని దారిలో చంపి, మిగిలిన కుక్కలకును మనుష్యులకును ఆహారముగా వాడవలెనని అతడు ముందుగనే లెక్క వేసికొనెను. ఆ లెక్క తప్పలేదు. కాని నమ్మి లాగిన జంతువుల కథలో దానిని చెప్పక దాచుట న్యాయము కాదు.

మనుష్యుడును కుక్కలును ఒకరినొకరు నమ్మినందున ఒక పట్టణము నిలిచిన ఉదంతము అలాస్కాలో జరిగినది.

అలాస్కా పశ్చిమ తీరమున నోము అను చిన్న పట్టణము కలదు. బంగారము దొరకుటచే అది వెలసినది. నార్వేలో 1877 లో జన్మించిన లియొనార్డ్ సెప్పాలా అను నతడు 1900 లో ఆ బంగారపు గనులలో పనికై వచ్చెను. త్రవ్వుటకంటె కుక్కల బండి తోలుట యతనికి బాగుగ పట్టుబడెను. సైబీరియానుండి తెచ్చిన చిన్న కుక్కలను అతడు పెంచెను. అంత చిన్నవి ఏమి లాగునని చుట్టుప్రక్కలవారు నవ్విరి. కాని 1915, 1916, 1917 సంవత్సరములలో వరుసగా మూడుసార్లు అలాస్కా దేశపు పెద్ద పందెమును సెప్పాలా గెలిచెను.

అతని కుక్కలలో 1913 లో పుట్టినదొకటి మొదటినుండియు పనికిమాలినదిగా కనబడెను. చిన్నతనమున జబ్బుపడెను, ఒడలు పెరుగలేదు, అల్లరి మాత్రము మెండు. జపాను నౌకా సేనాని పేరుమీద దానికి టోగో అని పేరిడిరి. బండికి పనికిరాదని సెప్పాలా దానిని ఒక యింటివారికి పెంపుడు కుక్కగా ఇచ్చివేసెను. కొలది దినములలోనే అది కిటికీ అద్దమును పగులగొట్టుకొని దూకి, మైళ్లకొలది దారి పరుగెత్తి యజమాని చెంతకు తిరిగివచ్చెను. పిదప కట్టివేసినను త్రాళ్లు తెంచుకొని బండి వెంటబడి, లాగుచున్న కుక్కలను చీకాకు పరుపసాగెను. వేరు దారి లేక సెప్పాలా దానికి కూడ పట్టీ తొడిగి బండికి కట్టెను. అప్పటికి దాని వయస్సు ఎనిమిది నెలలు. ఆ అల్లరి పిల్ల ఒక్కసారిగా నెమ్మదించి, పెద్ద కుక్కలతో సమానముగ లాగెను. మొదటి దినముననే 75 మైళ్లు పరుగెత్తి, సాయంకాలమునకు నాయక శునకము సరసన చేరెను! సెప్పాలా వెదకుచున్న కుక్క ఇన్నాళ్లును అతని యింటనే యుండెను, అతడే గుర్తింపలేదు.

1925 జనవరిలో నోము పట్టణమున డిఫ్తీరియా ప్రవేశించెను. ఈ వ్యాధి సోకినవారి గొంతులో పొర యేర్పడి ఊపిరి సలుపకుండ చేయును. అది ముఖ్యముగా పిల్లలను పొట్టన బెట్టుకొనును. సుమారు 1,400 మంది గల ఆ యూరికి కర్టిస్ వెల్చ్ అను నొక్క డాక్టరు ఉండెను. వ్యాధికి విరుగుడైన సీరము అతని యొద్ద కాలము తీరినది కొద్దిగ మాత్రమే యుండెను. క్రొత్తది కావలెనని అతడు ముందుగనే కోరియుండెను గాని, అది చేరకమునుపే సముద్రము గడ్డకట్టి ఓడల రాకపోకలు నిలిచినవి. పిల్లలు మరణింపసాగిరి. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో అచ్చటి ఆదివాసులు గుంపులు గుంపులుగా నేల రాలిన సంగతి ఎవరును మరువలేదు. సహాయము పంపుడని జనవరి 22వ తేదీన వెల్చ్ తంతివార్త పంపెను.

ఆంకరేజి ఆసుపత్రిలో 3,00,000 యూనిట్ల సీరము దొరకెను. దానిని రైలులో నెనానా వరకు తెచ్చిరి. అచ్చటినుండి నోమునకు 674 మైళ్లు, అనగా సుమారు 1,085 కిలోమీటర్లు. రైలు లేదు, రోడ్డు లేదు. ఆనాటి విమానములకు సారథి కూర్చుండు చోట పైకప్పు లేదు; ఆ చలిలో అవి యెగురుట ప్రాణాంతకము. కావున కుక్కల బండ్లపై పంపవలెనని గవర్నరు నిశ్చయించెను. దారిపొడవున 20 మంది సారథులు, సుమారు 150 కుక్కలు. ఒకరినుండి ఒకరు అందుకొనుచు రేయింబవళ్లు నడపవలెను. ఆ సారథులలో పెక్కుమంది అలాస్కా ఆదివాసులు. వారి పేళ్లు నేడు చాలమందికి తెలియవు.

జనవరి 27వ తేదీ రాత్రి బిల్ షానన్ అను నతడు మొదటి బండి తోలెను. చలి సున్నకు దిగువ 46 డిగ్రీల సెంటిగ్రేడు. గాలికి అతని ముఖము నల్లబడి చచ్చుపడెను. కుక్కలు కొన్ని నడువలేక దారిలో నిలిచిపోయినవి. వానిలో కొన్ని తరువాత మరణించినవి. మరికొంత దూరము పోయిన పిమ్మట చార్లీ ఎవాన్స్ అను 21 ఏండ్ల యువకుని వంతు వచ్చెను. 30 మైళ్ల దారి. అతని ముందటి రెండు కుక్కలకు పొట్ట క్రింది బొచ్చు పలుచన. అట్టివానికి కుందేటి చర్మము కప్పవలెను; తొందరలో అతడా సంగతి మరచెను. చలి కొరికిన ఆ రెండును దారిలో కూలిపోయినవి. ఎవాన్స్ వానిని బండిలో పరుండబెట్టి, వాని పట్టీని తన భుజములకు తగిలించుకొని, మిగిలిన కుక్కలతో పాటు బండి లాగుచు నులాటో చేరెను. మందు చేరెను, ఆ రెండు కుక్కలు మాత్రము బ్రదుకలేదు.

ఇంతలో నోమునుండి సెప్పాలా ఎదురుగా బయలుదేరి యుండెను. సగము దూరము పోయి సీరమును అందుకొని రావలెనని అతని కిచ్చిన యాజ్ఞ. అతడు వెడలిన పిమ్మట వ్యాధి ముదురుటచే అధికారులు ఏర్పాటును మార్చి మరికొందరు సారథులను నియమించిరి. మంచు దారిలో పోవుచున్నవానికి ఆ వార్త తెలుపుట యెట్లు? అతని యేకైక కుమార్తె, ఎనిమిదేండ్ల బాలిక, నోములోనే యుండెను. నాయక స్థానమున టోగో కలదు. అప్పటికి దానికి 12 ఏండ్లు. కుక్కలలో అది ముసలితనము.

షాక్టూలిక్ అను పల్లె సమీపమున దారిలో ఒక బండి కుక్కలు చిక్కుపడి యున్నవి. సెప్పాలా ఆగక దాటిపోవుచుండెను. ఆ బండి సారథి హెన్రీ ఇవనోఫ్, మందు తనయొద్దనే కలదని గొంతెత్తి కేకవేయగా అతడు వెనుకకు మరలెను. అప్పటికి అతడు నోమునుండి 170 మైళ్లు వచ్చియుండెను. మందును బండిలో కట్టుకొని, విశ్రమింపక, వచ్చిన దారినే తిరిగిపోవలెను.

ఇచ్చట రెండు దారులు కలవు. ఒకటి నార్టన్ అఖాతమును చుట్టుకొనిపోవు తీరపు దారి; అది క్షేమకరము, కాని ఒక దినము ఆలస్యము. రెండవది గడ్డకట్టిన సముద్రముపైనుండి సూటిగా పోవునది. పెనుగాలి వీచుచున్నది. గాలి ఉద్ధృతికి మంచు పగిలినచో, బండి, మనుష్యుడు, కుక్కలు ఆ పలకమీదనే సముద్రములోనికి కొట్టుకొనిపోవుదురు. సెప్పాలా సముద్రపు దారినే యెన్నుకొనెను. చీకటి పడెను. చలి సున్నకు దిగువ 34 డిగ్రీలు. ముందున్న టోగో అతనికి కనబడదు. అతని కేక టోగోకు వినబడదు. క్రింద మంచు కిటకిటలాడు చప్పుడే వినవచ్చుచుండెను. కుడి యెడమలు చెప్పుటకు అతనికే దారి తెలియదు. ఆ రాత్రి బండిని నడపినది సారథి కాదు. టోగో తల వంచుకొని, గాలి కెదురుగా, గీత గీసినట్లు సూటిగా పోయి రాత్రి 8 గంటలకు ఆవలియొడ్డున నున్న విడిది చేర్చెను. సెప్పాలా కుక్కలకు తిండి పెట్టి, కొలది గంటలు నిద్రింపజేసి, తెల్లవారుజామున 2 గంటలకు మరల బయలుదేరెను. వారు దాటివచ్చిన మంచు ఆ తరువాత కొన్ని గంటలలోనే పగిలి సముద్రములోనికి తరలిపోయెను.

ఫిబ్రవరి 1వ తేదీ మధ్యాహ్నము గొలోవిన్ వద్ద సెప్పాలా మందును చార్లీ ఓల్సన్‌కు అప్పగించెను. పోకరాకలు కలిపి టోగో పరుగెత్తినది 261 మైళ్లు. తక్కిన సారథులలో ఎవరును అందులో సగము కూడ పోలేదు. ఓల్సన్ 25 మైళ్లే పోవలెను. కాని సుడిగాలి అతని బండిని దారి తప్పించి మంచు దిబ్బలోనికి విసరివేసెను. చలికి కుక్కలు బిగిసిపోవుట చూచి అతడు చేతితొడుగులు తీసి వాని కొక్కొక్కదానికి కంబళి కట్టెను. కుక్కలు బ్రదికినవి, అతని చేతివ్రేళ్లు మంచుకాటుకు గురియైనవి.

చివరి బండి గన్నార్ కాసెన్‌ది. అతడు సెప్పాలా కుక్కలశాలలో పనివాడు. ముందు నడపుటకు అతడు బాల్టో అను నల్లకుక్కను ఎన్నుకొనెను. అది మొద్దు కుక్కయని, సరకుల బండికి తప్ప దేనికిని పనికిరాదని సెప్పాలా అభిప్రాయము. గొప్ప సారథులు సయితము కుక్కల విషయమున పొరబడుదురని ఈ కథలో రెండు మారులు తేలినది. ఆ రాత్రి తుఫానులో కాసెన్‌కు బండికి కట్టిన దగ్గరి కుక్కలు సయితము కనబడలేదు. బాల్టో మంచుక్రిందనున్న దారిని వాసనతో పసిగట్టుచు పోయెను. ఒకచోట గాలికి బండి తలక్రిందులై మందు పెట్టె మంచులో పడిపోయెను. కాసెన్ వట్టి చేతులతో చీకటిలో తడవి తడవి దానిని వెదకి తీసెను. తన తరువాతి సారథి యుండవలసిన విడిదిలో దీపము లేదు, అతడు నిద్రించుచుండెను. లేపి బండి సిద్ధము చేయుటకు కాలము పట్టునని కాసెన్ ఆగక సాగిపోయెను. ఫిబ్రవరి 2వ తేదీ ఉదయము అయిదున్నర గంటలకు మందు నోము చేరెను. నెనానానుండి పట్టిన కాలము ఐదున్నర దినముల కంటె తక్కువ. సీసాలలో ఒక్కటియు పగులలేదు. గడ్డకట్టిన మందును కరగించి వెల్చ్ పిల్లలకు వేసెను. వ్యాధి అణగిపోయెను.

లోకము మొదట చూచినది చివరి బండిని. పత్రికలన్నియు బాల్టోను పొగడినవి. ఆ సంవత్సరము డిసెంబరులోనే న్యూయార్కు సెంట్రల్ పార్కులో దాని కంచు విగ్రహమును నెలకొల్పిరి. ఆవిష్కరణకు బాల్టో స్వయముగా హాజరయ్యెను! సెప్పాలాకు ఇది మనస్తాప మయ్యెను. తనను మరచినందుకు కాదు, టోగోను మరచినందుకు. కాని బాల్టోకు కలిగిన కీర్తియు దానికి కూడు పెట్టలేదు. అది చేతులు మారి, తుదకు లాస్ ఏంజిలిస్ నగరమున పైసలు తీసికొని వింతలు చూపు ఒక చీకటి గదిలో, ఆరుగురు తోడి కుక్కలతో, చిక్కి శల్యమై యుండగా క్లీవ్‌లాండ్ నగరపు వర్తకు డొకడు చూచెను. వానిని విడిపించుటకు 2,000 డాలర్లు కావలసివచ్చెను. క్లీవ్‌లాండ్ ప్రజలు కొలది దినములలో ఆ సొమ్మును సేకరించిరి. బడిపిల్లలు తమ చిల్లరడబ్బులను ఇచ్చిరి. 1927 మార్చిలో ఆ కుక్కలు క్లీవ్‌లాండ్ జంతుశాల చేరినవి. బాల్టో 1933 వరకు అచ్చట సుఖముగా జీవించెను. టోగోకు న్యూయార్కులో విగ్రహము వెలయుటకు మాత్రము 2001 వరకు కాలము పట్టెను.

క్రమముగ విమానములును, మంచుపై నడచు మోటారు బండ్లును వచ్చి కుక్కల బండ్ల పనిని చాలవరకు మాన్పినవి. దక్షిణ ధ్రువ ఖండమునుండి 1994 లో కుక్కలన్నిటిని తీసివేసిరి. అలాస్కాలో ఈ విద్య మాసిపోకుండుటకై 1973 నుండి ఆంకరేజికిని నోముకును నడుమ ఏటేట ఇడిటరాడ్ అను పెద్ద పందెము నడపుచున్నారు. అందులో పశువైద్యులు కుక్కలను దారిపొడవున పరీక్షింతురు. అయినను ఆ పందెము కుక్కలకు మితిమీరిన శ్రమయని ఆక్షేపించువారును కలరు.

సెప్పాలా 1926 లో టోగోను వెంటబెట్టుకొని అమెరికా నగరములు తిరిగెను. న్యూయార్కులో వేలాది జనుల యెదుట ఆమండ్సెన్, పైన చెప్పిన ఆమండ్సెనే, టోగో మెడలో బంగారు పతకము వేసెను. కుక్క అప్పటికే వయసు మీరి, కాళ్లు పట్టువదలి, నిక్కుచు నడచుచుండెను. అలాస్కా చలికి, సుదీర్ఘ ప్రయాణమునకు అది తాళలేదని సెప్పాలా గ్రహించెను. మెయిన్ రాష్ట్రమున కుక్కలను పెంచు స్నేహితుల యింట దానిని విశ్రాంతికై విడిచిపెట్ట నిశ్చయించెను. అచ్చట అది 1929 డిసెంబరు 5వ తేదీ వరకు, 16వ యేట వరకు, జీవించెను. సెప్పాలా 1967 వరకు బ్రదికెను. ఎన్నో వందల కుక్కలను పెంచినను టోగో వంటిది మరొకటి లేదని అతడు కడదాక చెప్పుచుండెను.

వారు విడిపోయినది చలిగా, మబ్బుగా నున్న ఒక మార్చి ఉదయమున. సెప్పాలా ప్రయాణమునకు లేచెను. ఎన్నడును తనను విడిచి బయలుదేరని మనిషి నేడు ఒంటరిగా పోవుచున్నాడు. టోగో దగ్గరకు వచ్చి, ముందరి కాలెత్తి, అతని మోకాలిమీద పెట్టి నిలిచెను.